నిశాని మీద నిశాని

చౌటబావిగూడెం,
మర్రిగూడ దగ్గర, నల్లగొండ జిల్లా.
11 మార్చి 1962, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు రఘుపతికి,

అక్క అండాలు దీవించి రాయునది. నువ్వు నా మీద ఎంత మండిపడుతున్నా పెద్దదాన్ని గనుక దీవెన ముందు రాయాలి, రాశాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ మాట రాయను. మేము క్షేమంగా లేమని నీకూ తెలుసు, నీ వకీలు సాబుకూ తెలుసు. అక్కడ నల్లగొండలో నువ్వూ, మరదలు కృష్ణమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఆ మాట మాత్రం మనసారా రాస్తున్నాను.

శివరాత్రి వెళ్ళిన మర్నాడు నీ ఉత్తరం అందింది. నేను వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాను. చేట పక్కన పెట్టి అక్కడే కూర్చొని చదివాను. ముప్పాతిక దాకా ఓపిక పట్టాను. ఆ తర్వాత చేటను ఒక్క తన్ను తన్నాను. జొన్నలన్నీ మన్నులో పడ్డాయి. ఊళ్ళో కోళ్ళన్నిటికీ ఆ పూట విందు. మీ బావ ఉరికొచ్చి, ఏమైందే, ఎవలన్న పోయిండ్రా అని అడిగితే, ఎవలు పోలే, నా తమ్మునికి సిగ్గు పోయింది అన్నాను.

కోపంలో రాశావు గదా, ఏం రాశావో నీకు గుర్తుందో లేదో. వకీలు సాబు రెండు వందల ఏడు ఓట్లతో ఓడిపోయాడని రాశావు. మన ఒక్క ఊళ్ళోనే మూడు వందల పదకొండు ఓట్లు మురిగిపోయాయని, రబ్బరు ముద్ర వెయ్యమంటే బొటనవేలు వేసిన ఊరు జిల్లా మొత్తంలో ఇదొక్కటేనని, చదువురాని మందను నమ్ముకోవడం నీ బుద్ధితక్కువని రాశావు. ఆయన ఢిల్లీ పోతే నీకు ఆయన దగ్గర పని దొరికేదని కూడా రాశావు. అక్కడి దాకా సరే, తిట్టేవాడు తమ్ముడే గదా అనుకున్నాను. దాని కింద, రేపు గోపమ్మ కాళ్ళు పూర్తిగా వంగిపోతే ఆ పాపం నీదే అక్కా అని రాశావు. చేట తన్నింది అక్కడే.

అందుకే మొదటి నుంచీ రాస్తాను. నీకు తెలిసిన సంగతులు కూడా రాస్తాను. పట్నపు నీళ్ళు పడ్డాక నువ్వు కొన్ని మరిచిపోయినట్టున్నావు.

మన బావి నీళ్ళు చూడడానికి అద్దంలా ఉంటాయి, తాగితే తియ్యగా ఉంటాయి. చేదుగా ఉంటే మన తాతలే ఊరు విడిచి పోయేవాళ్ళు. పెద్ద దవాఖానలో డాక్టరు గోపమ్మ పళ్ళు చూసి, మోకాళ్ళు ఒత్తి చూసి, నీళ్ళలో ఫ్లోరిన్ అనేదేదో ఉందని, దానికి మందు లేదని, ఎముక ముదిరే లోపల నీళ్ళు మార్చడమొక్కటే దారని చెప్పాడు. నా బిడ్డకు తొమ్మిదేండ్లు. నడిస్తే మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. పళ్ళ మీద గోధుమరంగు చారలు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఇక అమ్మ. నువ్వు ఆమె దగ్గర నిదానంగా కూర్చొని చూసి ఏడాదవుతోంది గనుక చెబుతున్నాను. నడుము వంగి వంగి, ఇప్పుడు తలెత్తి మనిషి ముఖం చూడలేదు. ఎవరొచ్చారో కాళ్ళు చూసి గుర్తుపడుతుంది. జనవరిలో వకీలు సాబు జీపులో నువ్వు వచ్చిన రోజు బూట్లు వేసుకొని దిగావు. నువ్వు నోరు విప్పే దాకా నిన్ను ఎవరో ఆఫీసరనుకుంది. ఆ సంగతి ఆ రోజు నీకు చెప్పలేదు, బాధపడతావని.

దసరా తర్వాత మర్రిగూడ సంతలో పద్నాలుగు ఊళ్ళవాళ్ళం కలిసి కూర్చున్నామని నీకు తెలుసు. ఎలక్షన్ వస్తాంది, ఇప్పుడడగకపోతే ఇంకెప్పుడడుగుతం అని ముందు అన్నది మన ఐలేశం. చెరువు నీళ్ళు పొలాలకు పంచే నీరటి ఆయన. చెరువు ఎండి ఎన్నేండ్లయిందో నీకు తెలుసు, అయినా పార భుజాన వేసుకొని రోజూ కట్ట మీద ఒక చుట్టు తిరిగొస్తాడు. పని లేకున్నా జాగా ఇడువొద్దు అంటాడు. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట లేస్తోంది. మన ఊరి నుంచే నలభై మంది పోయి తట్టలు మోస్తున్నారు. కాలువలు ఎటు పోతాయో ఎవరో గీసిన పటం తెస్తే చూశాం. మనది గట్టు ప్రాంతం, నీళ్ళు ఎక్కవట, మన వైపు గీతే లేదు. రాళ్ళు మోయించడానికి గట్టు అడ్డం రాలేదు, గుక్కెడు నీళ్ళకు అడ్డమొచ్చింది.

అందుకని కాగితం రాశాం. పంటలకు అడగలేదు. తాగడానికి మట్టుకు నీళ్ళు ఎత్తి పోయాలి, దానికి ఇప్పుడు నడుస్తున్న మూడో ప్రణాళికలోనే నిధులు రాయించాలి, గెలిచినవాడు పార్లమెంటు మొదటి బైఠకులోనే ఈ మాట లేపాలి. ఇంతే. ఆ కాగితం రాసింది నేను. నువ్వు బడి నుంచి వచ్చి, ఇసుకలో నా వేలు పట్టి దిద్దించిన అక్షరాలతోనే రాశాను. నాకంటే ఆరేండ్లు చిన్నవాడివి, గురువులా చెవి మెలిపెట్టేవాడివి. బాపు చూసి, ఆడిపిల్లకు సదువెందుకురా అంటే, అక్కకు సంతకమన్న రావాలె బాపూ అని ఎదురు చెప్పావు. ఆ రఘుపతి మీద నాకు కోపం లేదు.

ఇప్పుడు నిశాని సంగతి. మన చెరువు నిండిన కాలంలో ఏ మడికి ఎన్ని జాముల నీళ్ళో ఒప్పుకొని, అందరూ ఒక కాగితం మీద బొటనవేలి నిశాని పెట్టేవాళ్ళు. సంతకం వచ్చిన కరణం కూడా వేలే పెట్టాలి, దొర కూడా వేలే పెట్టాలి. నీళ్ళ మాటకు సంతకం చెల్లదు. ఐలేశాన్ని అడిగితే, సంతకం మనిషి నేర్సుకున్నది, రేపు నాది గాదనొచ్చు, బొటనేలు తల్లి కడుపులకెళ్లి తెచ్చుకున్నది, ఎట్ల కాదంటడు అంటాడు. అందుకే మా పద్నాలుగు ఊళ్ళ కాగితం కింద అభ్యర్థి బొటనవేలికి జాగా విడిచిపెట్టాం.

సైకిలు గుర్తాయన ముందొచ్చాడు. కాగితం చేతికిస్తే కండ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నాడు. అద్దాలు ఆయన జేబులోనే కనబడుతున్నాయి. సరే, పోనీ.

తర్వాత మీరొచ్చారు. బడి ముందర జీపు ఆగింది. వకీలు సాబు తాగడానికి జీపులో కూజా తెచ్చుకున్నాడు. మేము చెంబుతో ఇచ్చిన నీళ్ళు తీసుకొని పక్కన పెట్టాడు. అది ఊరంతా చూసింది. ఐలేశం కాగితం పరిచి, దీపపు మసిలో ఆముదం కలిపిన చిప్ప ముందు పెట్టాడు. వకీలు సాబు ముఖం చూడవలసింది. నేను లా చదివినోణ్ణి, నన్ను ఏలుముద్ర పెట్టమంటరా అని మొదట నవ్వాడు, తర్వాత ముఖం ముడిచాడు. మీ ముందర ఇచ్చిన మాట తప్పుతనా, నా మాటే కాయితం అన్నాడు. ఐలేశం చేతులు కట్టుకొని, మాటకు రెక్కలుంటయి దొరా, జర నిశాని పెట్టి పోండ్రి అన్నాడు. ఆయన గడియారం చూసుకున్నాడు.

అప్పుడు జీపు మెట్టెక్కి నువ్వేమన్నావో నీకు జ్ఞాపకముందా? లేకపోతే నేను రాస్తాను, ఒక్క అక్షరం పోకుండా. మా నిశాని మీకెందుకు? ఎలక్షన్ నాడు మా నిశాని మీద మీ నిశాని పెట్టుండ్రి, కృష్ణ నీళ్ళు గుట్టెక్కి వస్తయి! అన్నావు. ఎలక్షన్ గుర్తును కూడా మన దిక్కు నిశానీ అనే అంటాం గదా, జనం చప్పట్లు కొట్టారు. నాకూ ముచ్చటేసింది, నా తమ్ముడెంత బాగా మాట్లాడుతున్నాడని. మన వాడకట్టు నర్సింగమ్మ పెద్దమ్మ నీ చేతిలోని గుర్తు బొమ్మ తీసుకొని తిప్పి చూసి, ఒంటె పది దినాలు నీళ్ళు తాగకుండ ఉంటదట గద తమ్మీ, నీళ్ళు తెస్తననే సారుకు గీ జంతువే దొరికిందా అని అడిగింది. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. ఆ పెద్దమ్మనే నువ్విప్పుడు మంద అన్నావు.

అట్లా జీపు వెళ్ళిపోయింది. నువ్వు పంచిన కాగితం ఇంటింటికీ ఒకటి మిగిలింది. "చౌటబావిగూడెం గ్రామానికి అన్నిటికన్నా ముందు మంచినీళ్ళు" అని ఉంది దాని మీద. మా ఊరి పేరు అచ్చులో చూసి పిల్లలు ఎగిరారు. నేను కూడా దాన్ని గోడకు అంటించాను. దగ్గరికెళ్ళి చూస్తే, తక్కినదంతా అచ్చే గానీ ఊరి పేరు ఒక్కటి చేతిరాత. నీ రాత. నీ 'గ' ఎప్పుడూ తలకట్టు ఊడి ఎగిరిపోయే పిట్టలా ఉంటుంది. పోనీలే, మన ఊరికోసం నా తమ్ముడు ప్రత్యేకంగా రాశాడని మురిసిపోయాను. ఎంత పిచ్చిదాన్నో చూడు.

ఆ తర్వాత వారానికి ఆడబిడ్డ గోవిందమ్మ ఇంటికి పానగల్లు పోయాను, వాళ్ళ చిన్నదాని బారసాలకు. వాళ్ళ అరుగు పక్కన గోడ మీద అదే ఒంటె, అదే కాగితం. "పానగల్లు గ్రామానికి అన్నిటికన్నా ముందు మంచినీళ్ళు." అదే పిట్ట. అంత పెద్ద చెరువు పక్కన ఉన్న ఊరికి కూడా మీరే ముందు అన్నావు తమ్మీ! తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నామె బెల్లం మూట కట్టుకున్న కాగితం కూడా అదే, అందులో వేరే ఊరు. మర్రిగూడ సంతలో అడిగి అడిగి పోగుచేశాను. ఏడు ఊళ్ళ కాగితాలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఏడూ నీ రాతే, ఏడింటికీ అన్నిటికన్నా ముందే.

నిజం చెబుతున్నాను, ఆ కాగితాలు ఎవరికీ చూపించలేదు. మీ బావకు కూడా. తమ్ముడి రాతను ఊళ్ళో పరిచి ఎట్లా చూపించను? పైగా ఆ సైకిలాయన కన్నా ఈ ఒంటెసారే నయమేమో, గెలిస్తే నా తమ్ముడు పక్కనే ఉండి గుర్తుచేస్తాడేమో అనుకున్నాను. ఒంటెకే వెయ్యండని ఊళ్ళో చెప్పాను. ఓట్లు వేయిస్తానని నీకిచ్చిన మాట ఎలక్షన్ పొద్దు దాకా నిలబెట్టుకున్నాను, అది నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

ఆ పొద్దు ఏం జరిగిందో నీకెవరూ సరిగ్గా చెప్పలేదు. విను.

పోయిన ఎలక్షన్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె ఉండేది గదా, బొమ్మ చూసి ఆ పెట్టెలో కాగితం వేసి దండం పెట్టి వచ్చేవాళ్ళం. ఈసారి ఒకటే కాగితం, దాని మీదే అన్ని బొమ్మలూ. ఢిల్లీకొకటి, హైదరాబాదుకొకటి. బడిలో కూర్చున్న ఆఫీసరు మంచివాడే, కోస్తా మాట. మీకు నచ్చిన గుర్తు మీద ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేయవలెను అని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. ముద్ర అంటే మాకు తెలిసిన ముద్ర ఒకటే. పైగా నా తమ్ముడు జీపెక్కి చెప్పిపోయాడు, మా నిశాని మీద మీ నిశాని అని. లోపల తడక చాటున సిరా మెత్త కూడా పెట్టి ఉంది. ఇంకేం కావాలి?

ఆడవాళ్ళ వరసలో పెద్దదని నర్సింగమ్మ పెద్దమ్మను ముందు పంపాం. ఆమె బయటికి వచ్చి, నల్లటి బొటనవేలు జెండాలా ఎత్తి చూపించి, పెట్టిన బిడ్డా, రెండు కాయితాల మీద గూడ సక్కగ ఒంటె మూతి మీదనే పెట్టిన అంది. ఓటు పోయింది. నేను చదివిన దాన్ని, వెయ్యాల్సింది రబ్బరు ముద్రని నాకు తెలుసు. వరసలో అందరికీ చెబుదామని నోరు తెరిచాను.

ఆమె ఇంకా మాట్లాడుతోంది. గా సారు మన కాయితం మీద పెట్టకపాయె, ఇగ మనమే పెట్టినం, ఢిల్లీల పెద్దలు గీ నిశాని చూసినంక నీళ్ళు ఇయ్యక ఎక్కడికి పోతరు అంది.

రఘుపతీ, తెరిచిన నోరు మూసుకున్నాను. ఆమెకు ఓటంటే ఏమిటో తెలియక అన్నమాటే, కానీ ఆలోచించు. మా పద్నాలుగు ఊళ్ళ కాగితం ఎక్కడుంది? వకీలు సాబు చదవలేదు, సైకిలాయన చూడలేదు, తహశీలు కచేరీలో ఇచ్చిన నకలు ఏ బీరువాలో ఉందో దేవుడికి తెలియాలి. ఈ కాగితం అట్లా కాదు. దీన్ని పెట్టెలో వేసి, లక్కతో ముద్ర కొట్టి, పోలీసు కాపలా పెట్టి, లారీలో తీసుకుపోతారు. అవతల ఒక ఆఫీసరు దీన్ని విప్పి తీరాలి. కండ్లద్దాలు మరిచిపోయానంటే కుదరదు. మాలాంటివాళ్ళ కాగితం సర్కారు తప్పకుండా విప్పి చూసేది ఐదేండ్లకు ఒక్కసారి.

వరస వెంట నడిచాను. నర్సింగమ్మ పెద్దమ్మ పెట్టినట్లే అందరు బొటనేలు పెట్టుండ్రి అని చెప్పాను. ఒంటె మీద వద్దు, సైకిలు మీద వద్దు, కాయితం నడిమిట్ల పెట్టుండ్రి అన్నాను. ఇట్ల పెడితే ఓటు లెక్కకు రాదని కూడా చెప్పాను. ఎవరినీ మోసం చెయ్యలేదు, ఆ మాట గుర్తుపెట్టుకో. కొందరు జంకారు. మగవాళ్ళ వరసలో నుంచి ఐలేశం, లెక్కకొచ్చిన ఓట్లతోటి ఇన్నేండ్లు ఏమొచ్చింది, ఒక్కసారి లెక్కకు రానియి ఏసి చూద్దం అన్నాడు. అంతే. మగవాళ్ళు కూడా అదే దారి పట్టారు. తమాషా ఏమిటంటే, ఆ ఆఫీసరు లోపల, ముద్ర వేశారా అమ్మా అని ప్రతి ఒక్కరినీ అడిగాడట. అందరూ వేసినం సారూ అన్నారట. అబద్ధం కాదు గదా.

నేనూ పెట్టాను. నువ్వు నాకు సంతకం నేర్పిన నాడు, ఇక జన్మలో బొటనవేలు పెట్టనని బాపుతో పంతంగా అన్నాను. ఇరవై ఏండ్లు ఆ మాట మీద ఉన్నాను. ఆ రోజు తడక చాటున సిరా మెత్త మీద వేలు ఆనిస్తుంటే ఏడుపొచ్చింది. అయినా గట్టిగా ఒత్తాను. నా ముద్ర అందరి కన్నా నల్లగా పడి ఉంటుంది.

లెక్కింపు నాడు నువ్వక్కడే ఉన్నావు. కట్ట విప్పిన ఆఫీసరు నిలబడిపోయాడని, పక్క బల్లల వాళ్ళు కూడా లేచొచ్చి చూశారని, ఇదెక్కడి ఊరయ్యా అని అడుగుతుంటే నీకు తల కొట్టేసినట్టయిందని రాశావు. ఆ ముక్క నేను ఇంటింటికీ పోయి చదివి వినిపించాను. ఎంత సంబరపడ్డారో! ఇదెక్కడి ఊరు అని మమ్మల్ని సర్కారు అడగడం ఇదే మొదలు.

అడిగి ఊరుకోలేదు కూడా. మంగళవారం నాడు జిల్లా నుంచి ఒకాయన వచ్చాడు, వెనుకబడిన ఊరికి ఓటు వెయ్యడం నేర్పడానికట. రబ్బరు ముద్ర, మెత్త, నమూనా కాగితాలు అన్నీ తెచ్చాడు. అందరం బుద్ధిగా కూర్చొని విన్నాం. అయిపోయాక నేను లేచి, ముద్ర అడిగి తీసుకొని, నమూనా కాగితం మీద గుర్తు పక్కన చక్కగా వేసి, మడత పెట్టి ఆయన చేతికిచ్చాను. మాకు తెల్వక కాదు సారూ అన్నాను. మరి ఎందుకట్లా చేశారని ఆయన అడిగాడు. గోపమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకొని వచ్చింది. ఆయన సగం తాగి, దాని నడక చూశాడు, పళ్ళు చూశాడు, గ్లాసు కింద పెట్టాడు. వాకిట్లో ఉన్న పిల్లలందరి నోళ్ళూ తెరిపించి చూశాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా రాసుకుంటూనే ఉన్నాడు. పద్నాలుగు ఊళ్ళ కాగితం నకలు పట్టుకుపోయాడు. పోయేటప్పుడు ఐలేశం చిప్ప ముందు పెడితే, ఇది నీళ్ళు ఇస్తానని కాదు, కాగితం అందిందని మాత్రమే అని మరీ మరీ చెప్పి, నవ్వి, బొటనవేలు పెట్టాడు. నీ వకీలు కన్నా పెద్ద చదువులే చదివి ఉంటాడు, ఆయన వేలు అరిగిపోలేదు.

ఇక గోపమ్మ మాట. ఐదేండ్లకు మళ్ళీ ఎలక్షన్ వచ్చేసరికి దానికి పద్నాలుగు నిండుతాయి, ఎముక ముదిరిపోతుంది. ఈ లెక్క నాకు తెలియదనుకున్నావా? దాని మోకాళ్ళకు ఆముదం రాసేటప్పుడల్లా ఈ లెక్కే వేసుకుంటాను. ఒక్కోసారి, ఆయన గెలిస్తే వచ్చేవేమో, వంద అబద్ధాల్లో ఒకటి నిజమయ్యేదేమో అని నాకూ అనిపిస్తుంది. భయమేస్తుంది. నేను రాయిని కాదు, తల్లిని. పాపం నాదే అంటే నాదే, మోస్తాను. కానీ ఏడు ఊళ్ళ పేర్లు రాసిన ఆ చేత్తోనే ఒక్క నిజం రాయి. ఆయన గెలిస్తే గోపమ్మ నోట్లోకి మంచినీళ్ళు వచ్చేవని నువ్వు నమ్ముతున్నావా? నమ్ముతున్నానని రాస్తే నీ కాళ్ళు మొక్కుతాను, పెద్దదాన్నయినా సరే. రాయలేవని నాకు తెలుసు.

మేము ఐదేండ్లు కాచుకొని కూర్చోము. ఉగాది వెళ్ళిన సోమవారం పద్నాలుగు ఊళ్ళ నుంచీ బయలుదేరి నల్లగొండ కలెక్టరు కచేరీ ముందు కూర్చుంటున్నాం. మంచాల మీద లేవలేనివాళ్ళను మంచాలతోనే తెస్తున్నాం. తాగడానికి మా బావి నీళ్ళే కుండల్లో తెస్తాం, అడిగినవాళ్ళకల్లా పోస్తాం. లేవమనే దాకా కాదు, రాసిచ్చే దాకా కూర్చుంటాం. లాఠీలొస్తే రానీ, వంగిన నడుముల మీద ఎక్కడ కొడతారో చూస్తాం. ముప్పై మందిమి ముందు నీ ఇంట్లోనే దిగుతాం. కృష్ణమ్మను జొన్నరొట్టెలు చెయ్యమను, పచ్చిపులుసు నేను చేస్తాను. నీ ఇంటి యజమాని ఏమన్నా అంటే నాతో మాట్లాడమను. నువ్వు తలుపు తీస్తావో, గొళ్ళెం పెట్టుకుంటావో నీ ఇష్టం. నీ రాత కాగితాలు ఏడూ వెంట తెస్తాను. కలెక్టరుకు చూపించడానికి కాదు, నీకు తిరిగిచ్చెయ్యడానికి. నువ్వు కూడా మాతోపాటు కూర్చుంటే, ఎనిమిదో కాగితం మా తరఫున నీ చేత్తో రాద్దువు గానీ.

ఇట్లు,
నీ మీద కోపం పోని, ప్రేమా పోని అక్క,
అండాలు.

తా.క.: ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. నీ ఉత్తరం అంచున సన్నగా రాసినదానికి జవాబివ్వలేదు. ఊరు మొత్తంలో ఒకే ఒక్క ఓటు సక్రమంగా ఒంటె మీద పడిందని, అది నాదేనని నీకు తెలుసని, ఆ ఒక్కదానికోసం నన్ను క్షమిస్తున్నానని రాశావు. నీ క్షమ వెనక్కి తీసుకో. ఆ ఓటు నాది కాదు, అమ్మది.

నాకూ నిన్నటి దాకా తెలియదు. గోపమ్మ గురించి రాసిన ముక్క మింగేసి నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తుంటే, ఆ ఒక్కటి నాదే బిడ్డా అంది. ఎలక్షన్ నాడు మధ్యాహ్నం మీ బావ ఆమెను ఎత్తుకొచ్చి బడి లోపల దించాడు. అందరూ చెప్పినట్టే వేలు పెడదామనుకుంది. ఆమె బొటనవేలు కర్రలా బిగుసుకుపోయింది గదా, మెత్త మీద ఆనలేదు. తడక చాటున రెండుసార్లు ఒత్తి చూసి, నొప్పికి అరిచింది. పాపం ఆ ఆఫీసరు వచ్చి రబ్బరు ముద్రను ఆమె పిడికిట్లో ఇరికించి, మణికట్టు పట్టుకొని, ఏ గుర్తమ్మా అని అడిగాడు. నా కొడుకు ఒంటె ఎంబడి తిరుగుతుండు సారూ, ఆడనే గుద్దు అందట.

ఊళ్ళో వేలు వంగేవాళ్ళెవరూ మీకు వెయ్యలేదు. మీకు పడ్డ ఆ ఒక్క ఓటు మన బావి నీళ్ళు వేసిన ఓటు. అమ్మకు నీ మీద ప్రేమ లేక కాదు, ఉంది. కానీ ఈ మాట మాత్రం తప్పకుండా రాయమంది: ఏలు వంగితే నేను గూడ నిశానే పెడుదును, వానికి గదే రాయి అంది. రాశాను.